వికటకవి పరీక్ష: పైథాన్ 2 నుండి పైథాన్ 3కు మారిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు – తెలుగు అక్షరం

వ్యాససంగ్రహం

2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3, గ్నూ/లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో పైథాన్ 2 స్థానాన్ని పూర్తిగా పొందడానికి పదేళ్ళకు పైగా పట్టింది. ఈ మార్పును సాంకేతికలోకం ఎక్కువగా ఒక నిర్వహణలోపంగా, అనవసరమైన ఖర్చుగా చెప్పుకుంది. అయితే మార్పుకు మూలమైన సమస్య ఆంగ్లేతర లిపులది. కనుక తెలుగువైపు నుండి చూస్తే లాభనష్టాల లెక్క వేరుగా ఉంటుందని, ఆ లాభం కూడా అక్షరం దాకా రాకుండా మధ్యలో ఆగిందని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు ఊరిపేర్లే ఇందుకు ప్రధాన ఆకరాలు.

ముఖ్యపదాలు: పైథాన్, యూనికోడ్, డిఫాల్ట్ భాష, గ్నూ/లినక్స్, కోడ్ బిందువు, తెలుగు అక్షరం, ప్రాస.

1. మూడు ఊళ్ళు, మూడేసి అక్షరాలు

విజయవాడ నుండి చెన్నై వెళ్ళే రైలుమార్గంలో తెనాలి ఒక కూడలి. అక్కడి నుండి ఒక శాఖ రేపల్లెకు పోతుంది. ప్రధానమార్గం మీదనే దక్షిణంగా సాగితే బాపట్ల వస్తుంది. స్టేషన్ బోర్డుల మీది ఈ మూడు పేర్లలో ఎన్నేసి అక్షరాలున్నాయని అడిగితే గుణింతాలు నేర్చిన ఏ పిల్లవాడైనా మూడేసి అంటాడు. ఛందస్సు చదివినవారు తెనాలి జగణమనీ, బాపట్ల, రేపల్లె తగణాలనీ అదనంగా చెబుతారు. గణం పేరు ఏదైనా లెక్క మూడే.

యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచిన ఇవే పేర్ల పొడవును పైథాన్ 2లోని సాధారణ స్ట్రింగ్‌గా అడిగితే వరుసగా 18, 18, 21 అని జవాబు వచ్చేది. పైథాన్ 3లో 6, 6, 7 అని వస్తుంది. రెండింటిలో ఏదీ మూడు అనదు. మొదటిది బైట్ల లెక్క, రెండవది యూనికోడ్ కోడ్ బిందువుల లెక్క. 18 నుండి 6కు రావడానికి ప్రపంచవ్యాప్తంగా ఆపరేటింగ్ సిస్టమ్‌ల నిర్మాతలు పన్నెండేళ్ళు శ్రమపడ్డారు. 6 నుండి 3కు రావడం మాత్రం ఆ శ్రమలో భాగమే కాలేదు. ఈ రెండు దూరాలనూ విడదీసి చూడనందువల్లనే పైథాన్ మార్పు చరిత్ర తెలుగువారికి సంబంధం లేని ఉదంతంగా కనిపిస్తుంది.

2. ఆస్కీ నీడలో పుట్టిన భాష

గీడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ తొలి ప్రతి 1991 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో యూనికోడ్ ప్రమాణపు మొదటి సంపుటం వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ స్థానాల అమరికకు భారతీయ లిపుల ప్రమాణమైన ఇస్కీ 1988 నాటి రూపం ఆధారం. ఇస్కీ సవరించిన రూపం కూడా 1991లోనే భారత ప్రమాణంగా ప్రకటితమైంది. అంటే పైథాన్ పుట్టినప్పుడు యూనికోడ్ ఇంకా చేతికి రాలేదు. ఆనాటి కంప్యూటర్లకు అందరికీ తెలిసిన సంకేతావళి 1963 నాటి ఆస్కీ. అందులో ఉన్నవి 128 సంకేతాలు, అవీ ఆంగ్లానికి అవసరమైనవి.

2000 అక్టోబరులో వచ్చిన పైథాన్ 2.0 యూనికోడ్‌కు చోటిచ్చింది. కాని ఆ చోటు వరండాలో ఇచ్చిన చోటు. స్ట్రింగ్ అంటే మునుపటిలాగే బైట్ల వరుస. యూనికోడ్ స్ట్రింగ్ కావలసినవారు కొటేషన్ గుర్తుకు ముందు ‘యు’ అనే అక్షరం చేర్చి వేరుగా అడగాలి. ప్రోగ్రామ్ పాఠంలోనే తెలుగు రాయాలంటే పై రెండు పంక్తులలో ఒకచోట సంకేతపద్ధతి ఏదో ప్రకటించాలి; లేకుంటే 2.5వ ప్రతి నుండి ప్రోగ్రామ్ మొదలే కాదు. అన్నిటికంటే చిక్కు తెచ్చినది, బైట్ల స్ట్రింగునూ యూనికోడ్ స్ట్రింగునూ కలిపినప్పుడు పైథాన్ తనంత తానుగా చేసే మార్పిడి. ఆ మార్పిడి ఆస్కీ నియమంతో జరిగేది. ఆంగ్లపదాలైతే ఏ ఇబ్బందీ లేదు. 127 దాటిన బైట్ ఒక్కటి ఎదురైనా ప్రోగ్రామ్ ఆగిపోయేది.

తెలుగు విషయంలో ఆ బైట్ ఎప్పుడూ ఒకటే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. వాటిలో మొదటిది తప్పనిసరిగా 224, రెండవది 176 గాని 177 గాని. తెనాలిలోని తకారం 224, 176, 164. దానిమీది ఎత్వం 224, 177, 134. కాబట్టి తెలుగు పాఠంతో పనిచేసిన పైథాన్ 2 ప్రోగ్రామర్లకు దోషసందేశంలో కనిపించే సంఖ్య దాదాపు మారేది కాదు. 224 అనే బైట్‌ను ఆస్కీ చదవలేకపోయిందని, ఆ సంఖ్య 128 లోపు లేదని ఆ సందేశం చెప్పేది.

ఈ లోపపు స్వభావాన్ని కొంత నిదానించి చూడాలి. ఇది రాసినచోట బయటపడే తప్పు కాదు. ఆంగ్లపేర్లతో పరీక్షించినంతకాలం ప్రోగ్రామ్ సక్రమంగా నడిచేది. ఏ పట్టికలోనో తొలిసారి ‘రేపల్లె’ అని తెలుగులో ఉన్న వరుస తగిలినప్పుడు కూలేది. తప్పు చేసిన చోటుకూ, తప్పు కనిపించిన చోటుకూ నడుమ ఎన్నో ఫైళ్ళు, ఒక్కోసారి ఎన్నో ఊళ్ళు ఉండేవి. నష్టపడినవాడికి దానిని దిద్దే అధికారం ఉండేది కాదు. దిద్దగలవాడికి నష్టం కనిపించేది కాదు. భాషా నిర్మాతలు పాత ప్రోగ్రామ్‌లతో పొత్తు తెంచుకోవడానికి సిద్ధపడినదానికి ప్రధానకారణం ఈ స్ట్రింగుల గందరగోళమే.

3. పైథాన్ 3 చేసిన తెంపు

2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 విడుదలయింది. అందులో స్ట్రింగ్ అంటే యూనికోడ్ పాఠం. బైట్లు వేరే జాతి. రెండింటినీ కలపబోతే ఆంగ్లానికైనా తెలుగుకైనా ఒకే విధంగా దోషం వస్తుంది. ఈ సమానత్వమే అసలు మార్పు: మునుపు తెలుగుకు మాత్రమే తగిలిన దెబ్బ ఇప్పుడు ఆంగ్లంలో పరీక్షించేవాడికి కూడా మొదటిరోజే తగులుతుంది, కనుక మొదటిరోజే దిద్దుతాడు. ప్రోగ్రామ్ పాఠం యూటీఎఫ్-8లో ఉన్నట్లు భావించడం కూడా డిఫాల్ట్ అయింది. చరరాశులకు తెలుగు పేర్లు పెట్టుకునే వీలు కూడా అప్పుడే కలిగింది. పైథాన్ 2లో ‘బాపట్ల’ అనే చరరాశి వ్యాకరణదోషం. పైథాన్ 3లో నిర్దోషం. అయితే ‘బాపట్ల’ చెల్లినంత మాత్రాన ప్రతి తెలుగుమాటా చెల్లదు. ‘డిసెంబర్‌లో’ వంటి మాటలలో పొల్లు తరువాత ఒత్తు పడకుండా ఆపే అదృశ్య సంకేతం ఒకటి ఉంటుంది. దానిని పేరులో భాగంగా పైథాన్ 3 అంగీకరించదు.

ఈ తెంపులో తొందరపాటు కూడా ఉంది. పాత పద్ధతిలోని ‘యు’ గుర్తును 3.0 పూర్తిగా తొలగించింది. దానితో తెలుగువంటి భాషల కోసం ముందుజాగ్రత్తగా ఆ గుర్తు పెట్టి సరిగ్గా రాసిన ప్రోగ్రామ్‌లే కొత్త ప్రతిలో చెల్లకుండా పోయాయి. ఏ జాగ్రత్తా లేనివి ఈ ఒక్క విషయంలో నిక్షేపంగా దాటాయి. 2012 సెప్టెంబరులో వచ్చిన 3.3లో ఆ గుర్తును తిరిగి అనుమతించారు. రెండు ప్రతులలోనూ నడిచే ప్రోగ్రామ్ రాయడం అప్పటి నుండి సులువైంది. మార్పు ఊపందుకున్నది కూడా ఇంచుమించు ఆ తరువాతనే.

4. ‘డిఫాల్ట్’ ఎవరి ఎంపిక?

ఒక భాషకు కొత్త ప్రతి రావడం వేరు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో అది డిఫాల్ట్ కావడం వేరు. గ్నూ/లినక్స్ కుటుంబంలో పైథాన్ వాడుకరి కోసం ఉంచిన పనిముట్టు మాత్రమే కాదు. సిస్టమ్ తన సొంతపనులకు వాడుకునే భాష కూడా. రెడ్ హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీలను స్థాపించే యమ్ పైథాన్ 2లో రాసినది. కాబట్టి ఎవరైనా ఉత్సాహపడి ‘పైథాన్’ అనే ఆదేశాన్ని తమంత తాముగా కొత్త ప్రతికి మళ్ళిస్తే, మరుక్షణం యమ్ మూగబోయేది. ఉబుంటులో కూడా ఇటువంటి ప్రయోగాలతో కొన్ని సిస్టమ్ పనిముట్లు తెరుచుకోకుండా పోయేవి. ఇంటి దూలాన్ని మార్చాలంటే ముందు దాని మీద ఆనిన వాసాలన్నిటికీ వేరే ఆధారం చూపాలి.

ఆ పని ఒక్కొక్కరు ఒక్కో తీరున చేశారు. ఆర్చ్ లినక్స్ 2010 అక్టోబరులోనే ‘పైథాన్’ అంటే పైథాన్ 3 అని ప్రకటించి, తొందరపడిందన్న మాట పడింది. ఆ కలకలం తరువాత 2011లో వచ్చిన పెప్ 394 అనే మార్గదర్శకపత్రం, ప్రస్తుతానికి ఆ ఆదేశం పైథాన్ 2నే సూచించాలని సలహా ఇచ్చింది. ఫెడోరా వరుస పాటించింది: ముందు తన స్థాపన, ప్యాకేజీ పనిముట్లను మార్చుకుని 2015 నవంబరు నాటి 23వ విడుదలలో పైథాన్ 3ను డిఫాల్ట్ చేసింది, ‘పైథాన్’ అనే ఉత్త పేరును మాత్రం 2019 అక్టోబరు నాటి 31వ విడుదల దాకా మార్చలేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8, 2019 మేలో, మరో దారి పట్టింది. సిస్టమ్ సొంతానికి ఒక పైథాన్‌ను వేరుగా దాచుకుని, వాడుకరికి ‘పైథాన్’ అనే ఉత్త ఆదేశమే లేకుండా చేసింది. ఏ ప్రతి కావాలో వాడుకరే చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04లోనూ ఉత్త ఆదేశం లేదు. కావలసినవారి కోసం ‘పైథాన్ ఈజ్ పైథాన్ 3’ అని ఒక చిన్న ప్యాకేజీ పెట్టారు. పుష్కరకాలపు వివాదానికి ఇంత ముక్తసరి తీర్పు మరొకటి దొరకదు.

డెబియన్ అందరికంటె నెమ్మది. 2021 ఆగస్టు నాటి 11వ విడుదలలో పైథాన్ 2 నామమాత్రంగా మిగిలింది. 2023 జూన్ నాటి 12వ విడుదలతో పూర్తిగా పోయింది. తెలుగువారికి డెబియన్ నడక ముఖ్యం. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో అందించిన ఆపరేటింగ్ సిస్టమ్, సీ-డాక్ భారతీయ భాషల కోసం రూపొందించిన బాస్ – రెండూ డెబియన్ కుటుంబానివే. మూలంలో ఏ ప్రతి డిఫాల్ట్ అయితే వీటిలోనూ అదే అవుతుంది. పల్లెలోనో చిన్న పట్నంలోనో ఒక పాఠశాల కంప్యూటర్‌లో ఉన్న పైథాన్ ఏ ప్రతి అన్నది అక్కడి ఉపాధ్యాయుడి నిర్ణయం కాదు. నిపుణుడికి డిఫాల్ట్ ఒక సూచన. తనకు ఎంపిక ఉన్నదని తెలియనివాడికి అదే శాసనం. డిఫాల్ట్ మార్పు చరిత్రను నిపుణుల ఫిర్యాదుల నుండి మాత్రమే రాస్తే ఈ రెండవవాడు అందులో కనిపించడు.

5. గడువు, వాయిదా, బాపట్ల వరి

పైథాన్ 2.7 ప్రతి 2010 జులైలో వచ్చింది. అదే చివరి శాఖ అనీ, 2015తో దానికి మద్దతు ముగుస్తుందనీ ముందు అనుకున్నారు. 2014లో ఆ గడువును 2020కి జరిపారు. 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ఏప్రిల్ 20న చివరి విడుదలగా 2.7.18 వెలువడింది.

ఈ వాయిదాను కొందరు బలహీనతగా చూశారు. కాని పనిచేస్తున్న పాతదానిని విడిపించడం ఎంత కష్టమో తెలియడానికి బాపట్ల వరి చాలు. బాపట్ల పరిశోధనస్థానం నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి రైతులకు బీపీటీ 5204గా తెలుసు. ఆ బీపీటీ బాపట్లే. సన్నబియ్యంగా దానికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు, బాక్టీరియా ఎండాకు తెగులుకు అది లొంగిపోతుందన్నదీ అంతే ప్రసిద్ధం. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఆ తెగులును తట్టుకునే జన్యువులు చేర్చిన మెరుగైన సాంబ మసూరిని 2008లో, అంటే పైథాన్ 3 పుట్టిన ఏడాదే, విడుదల చేశాయి. గింజ నాణ్యత అదే, తెగులు నిరోధం అదనం. అయినా పాత బీపీటీ పొలం వదలలేదు. విత్తనం చేతిలో ఉన్నంతకాలం పాతది పండుతూనే ఉంటుంది, దానికి గడువు పెట్టే అధికారం ఎవరికీ లేదు. పైథాన్‌లో ఆ అధికారం ఉంది: భద్రతాలోపాలను దిద్దడం ఆపివేస్తామని నిర్మాతలు చెప్పగలరు, సిస్టమ్ నుండి తీసివేస్తామని డెబియన్ చెప్పగలదు. గ్రాంథిక వ్యావహారిక వాదాల కాలంలో తెలుగు చదువులు రెండు ప్రమాణాల నడుమ దశాబ్దాలు గడిపినదానితో పోలిస్తే, పన్నెండేళ్ళు పెద్ద జాప్యం కాదు.

6. తెలుగు పక్షాన లెక్క

మార్పుకు ముందు తెలుగు పాఠం కంప్యూటర్లలో ఒక్క రూపంలో లేదు. తెనాలి రచయితలకూ అచ్చుపనికీ పేరుపడ్డ ఊరు. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు అక్కడివారు, అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో అక్కడే జరిగింది. ఇటువంటి ఊళ్ళలో సీసపు అక్షరాల తరువాత వచ్చిన డీటీపీ యుగమంతా అను వంటి సొంత సంకేతాల ఫాంట్లతో నడిచింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలు లాటిన్ అక్షరాల స్థానాలలో కూర్చుంటాయి. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెనాలి అర్థంలేని ఐరోపా అక్షరాల గుంపుగా మారుతుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలు కావడానికి మూలకారకుడైన వెన్న నాగార్జునే ఇటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని కూడా రూపొందించడం యాదృచ్ఛికం కాదు. ఒకటి లేనిదే రెండవది నడవదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. పాత ఫాంట్ల పాఠాన్ని మార్చే పనిలో పైథాన్ 2 నిజంగా సుఖంగా ఉండేది. ఆ పాఠం బైట్ల మూట. పైథాన్ 2 స్ట్రింగూ బైట్ల మూటే. పైథాన్ 3లో అదే పని చేయాలంటే ఈ మూటలో ఉన్నది ఏ సంకేతపద్ధతో ముందుగా ప్రకటించాలి, ఆ ఫాంట్ల పద్ధతికేమో ప్రామాణికమైన పేరే లేదు. కాబట్టి తెలుగుకు మార్పు పూర్తిగా లాభమేనని అనలేము. నిన్నటి తెలుగుకు కొంత ఇబ్బంది కలిగింది, రేపటి తెలుగుకు దారి పడింది.

ఆ దారి ఎంత వెడల్పో వికీపీడియాలో చూడవచ్చు. అక్కడ వేల గ్రామవ్యాసాలలో ఒకే రకపు సవరణలు చేయడానికి బాట్లను వాడతారు. వాటిలో ప్రసిద్ధమైన పైవికీబాట్ పైథాన్‌లో రాసినది. 2020లో అది పైథాన్ 2ను వదిలివేసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో బాపట్ల జిల్లా ఏర్పడి, అంతవరకు గుంటూరు జిల్లాలో ఉన్న బాపట్ల, రేపల్లె అందులో చేరాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. అటువంటి మార్పు వచ్చినప్పుడు ఊరి పేరు, మండలం, జిల్లా అన్నీ తెలుగులోనే ఉన్న పట్టికలను యంత్రంతో సరిచేయవలసి వస్తుంది. పైథాన్ 2లో అయితే ప్రతి అడుగులోనూ ఇది బైట్ల స్ట్రింగా, యూనికోడ్ స్ట్రింగా అని చూసుకోవాలి. పైథాన్ 3లో ఆ ప్రశ్న ఫైలు తెరిచేచోట ఒకసారి అడిగితే చాలు. విండోస్‌లో మాత్రం ఆ ఒక్కసారి మరచిపోకూడదు. అక్కడ ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పకపోతే పైథాన్ 3 చాలా ప్రతులదాకా స్థానిక సంకేతావళినే వాడుతూ వచ్చింది. విండోస్ తెరమీద తెలుగు దోషం లేకుండా అచ్చవడం 2016 డిసెంబరు నాటి 3.6తోనే కుదిరింది.

7. ప్రాసస్థానంలో ఎత్వం

ఇక రెండవ దూరం. పైథాన్ 3లో ‘తెనాలి’ మొదటి అంశం ‘త’. రెండవ అంశం ‘నా’ కాదు, ఎత్వం. పద్యపాదంలో రెండవ అక్షరం ప్రాస కనుక, ప్రాసను పరీక్షించే ప్రోగ్రామ్‌ను ఈ లెక్కతో రాస్తే అది హల్లుకు బదులు గుణింతపు గుర్తును పట్టుకుంటుంది. పైథాన్ 2 అయితే 176 అనే బైట్‌ను చేతిలో పెట్టేది. ఎత్వం దానికంటె మేలే, కాని ప్రాస కాదు. అకారాది క్రమంలోనూ ఇటువంటిదే మరొక ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లో ళకారం లకారం పక్కన, ఱకారం రేఫం పక్కన ఉన్నాయి కనుక కోడ్ బిందువుల వరుసతో పేర్చిన పట్టిక, ఆ రెండింటినీ హకారం తరువాత చూపే నిఘంటువుల వరుసతో ఏకీభవించదు.

తెనాలి రామకృష్ణుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటుకథలో కాళికాదేవి అతన్ని వికటకవివి కమ్మంటుంది. అటు చదివినా ఇటు చదివినా అదే కదా అని అతడు సంబరపడతాడు. ఈ కథను యంత్రానికి అప్పగిస్తే ఏమవుతుందో చూడదగినది. పైథాన్ 2లో ఆ పేరు 21 బైట్లు. తిరగేస్తే తెలుగే మిగలదు. పైథాన్ 3లో 7 కోడ్ బిందువులు. తిరగేస్తే చివరి వికారం మీది గుడి ముందుకు వచ్చి ఆధారం లేక నిలుస్తుంది; మొదటి వికారం మీది గుడి పక్కనున్న కకారానికి అంటుకుంటుంది. వచ్చేది ‘వకటకివ’, దాని ముందు ఒక అనాథ గుడి. రెండు వరుసలూ ఒకటేనా అని అడిగితే కాదని జవాబు. ఇదే పద్ధతిలో తెనాలి ‘లానెత’గా, బాపట్ల ‘ల్టపాబ’గా, రేపల్లె ‘ల్లపేర’గా తిరగబడతాయి, తెనాలి, రేపల్లెల ముందు చెరొక గుర్తు వేలాడుతుంది. అక్షరాలుగా తిప్పితే లినాతె, ట్లపబా, ల్లెపరే రావాలి. వికటకవి అటూ ఇటూ ఒకటి కావాలంటే యంత్రం దానిని వి, క, ట, క, వి అని ఐదుగా చూడాలి.

అలా చూడడానికి యూనికోడ్‌లోనే వేరొక నియమావళి ఉంది. వాడుకరి ఒక అక్షరంగా భావించే గుచ్ఛాన్ని అందులో గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. హల్లునూ దాని గుణింతపు గుర్తునూ అది ఎప్పటి నుండో ఒకటిగానే చూస్తుంది. కాబట్టి ఆ నియమంతో వికటకవి పరీక్ష నెగ్గుతుంది, తెనాలి మూడు అక్షరాలే అవుతుంది. బాపట్ల, రేపల్లె మాత్రం నెగ్గవు. పాత నియమం పొల్లు దగ్గర కోత పెట్టేది. బా, ప, ట్, ల అని నాలుగు. రే, ప, ల్, లె అని నాలుగు. ఒత్తు అన్నది వేరే అక్షరం కాదని, ట్ల అన్నది రెండు కాదని ఆ నియమానికి తెలియదు. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1లో భారతీయ సంయుక్తాక్షరాల కోసం కొత్త నియమం చేరింది. దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళాలతో పాటు అది తెలుగుకూ వర్తిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు చేరిన 32 ఏళ్ళకు బాపట్ల మూడక్షరాల ఊరయింది.

ఈ సంయుక్తాక్షర నియమం పైథాన్ మార్పు జరిగిన పన్నెండేళ్ళలో రావలసిందని అనడం అతిశయోక్తి కావచ్చు. కాని ఆ కాలమంతా సాగిన చర్చలలో స్ట్రింగ్‌లోని ఒక అంశం అంటే ఏమిటన్న ప్రశ్నకు కోడ్ బిందువు అన్న జవాబే స్థిరపడింది. ఆంగ్లానికి కోడ్ బిందువు, అక్షరం ఒకటే కావడం వల్ల అక్కడ ఆగడం సహజంగా తోచింది. పైథాన్ 3.0 నుండి 3.12 వరకు ఏ ప్రతిలోనూ, భాషతో పాటు వచ్చే ప్రామాణిక మాడ్యూళ్ళలో గ్రాఫీమ్ క్లస్టర్లుగా విడదీసే పనిముట్టు లేదు. రెజెక్స్ వంటి బయటి మాడ్యూల్‌ను తెచ్చుకోవాలి, లేదా హల్లు, పొల్లు, గుణింతపు గుర్తుల జాబితాలతో సొంతంగా రాసుకోవాలి. తెలుగు ఛందస్సు మీదనో, పదపట్టికల మీదనో పనిచేసే పరిశోధకులలో రెండవ మార్గం పట్టినవారు తక్కువేమీ కాదు. ఒకే చిన్న పనిని ప్రతివారూ మొదటి నుండి చేసుకోవలసి రావడం దాని ఖరీదు. తెచ్చుకున్న మాడ్యూల్‌లోనైనా ఏ యూనికోడ్ ప్రతి నియమాలున్నాయో చూసుకోకపోతే, తెనాలితో పరీక్షించి సరిపోయిందనుకున్న ప్రోగ్రామ్ బాపట్ల దగ్గర తప్పుతుంది. ఆస్కీ కాలంలో ఆంగ్లంతో పరీక్షించిన ప్రోగ్రామ్‌కు జరిగినదే ఇది, ఈసారి తెలుగులోపలే.

2024 ఏప్రిల్‌లో విడుదలై 2029 వరకు సాధారణ మద్దతు ఉన్న ఉబుంటు 24.04లో డిఫాల్ట్ పైథాన్ 3.12. దానిలోని యూనికోడ్ సమాచారం 15.0వ ప్రతిది, అంటే కొత్త సంయుక్తాక్షర నియమం వచ్చిన 15.1కి ఒక్క మెట్టు ముందుది.